ఇంట్లో కుక్క, మనసుకు తోడు: పాఠకుల ప్రశ్నలు, వైద్యుని జవాబులు

గత సంచికలో ఒంటరితనం గురించి ఇచ్చిన జవాబు చదివి పలువురు పాఠకులు దాదాపు ఒకే విషయాన్ని వేర్వేరు పరిస్థితుల నుంచి అడిగారు. కుక్కను పెంచుకుంటే మనసుకు నిజంగా మేలు జరుగుతుందా అన్నదే ఆ ప్రశ్న. ఈ సంచికలో శీర్షిక మొత్తాన్ని ఆ ఉత్తరాలకే కేటాయిస్తున్నాను. ఉత్తరాలను కుదించి, రాసినవారి పేర్లు లేకుండా ప్రచురిస్తున్నాం.

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్ళు. ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశారు. ఏడాదిన్నర కిందట అమ్మ పోయినప్పటి నుంచి రాజమహేంద్రవరంలోని ఇంట్లో ఒక్కరే ఉంటున్నారు. నేను బెంగళూరులో, అన్నయ్య కెనడాలో ఉంటాం. ఫోన్ చేస్తే రెండు మాటలు మాట్లాడి పెట్టేస్తారు. రోజూ సాయంత్రం గోదావరి గట్టుకు వెళ్ళే అలవాటు కూడా మానేశారు. ఆయన పుట్టినరోజు నాటికి ఒక లాబ్రడార్ పిల్లను కొని, ముందుగా చెప్పకుండా ఇంటికి పంపిద్దామని అన్నయ్య అంటున్నాడు. మంచిదేనా?
– ఒక కుమార్తె, బెంగళూరు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ముందుగా ఆలోచనలో పడేసింది, నాన్నగారు గట్టుకు వెళ్ళడం మానేశారన్న మాట. భార్యను పోగొట్టుకున్న మనిషి ఏడాదిన్నర తరువాత కూడా బాధపడటం సహజమే. అయితే ఇష్టమైన పనులను ఒక్కొక్కటిగా వదిలేయడం, మాట తగ్గిపోవడం చూస్తే అది ఒట్టి దుఃఖం కాకపోవచ్చుననిపిస్తుంది. పెద్ద వయసులో కుంగుబాటు చాలాసార్లు ఏడుపు రూపంలో కనిపించదు. ఆకలి మందగించడం, తెల్లవారుజామున మూడు గంటలకే మెలకువ వచ్చి మళ్ళీ నిద్ర పట్టకపోవడం, ఎవరితోనూ మాట్లాడాలనిపించకపోవడం వంటి లక్షణాలతో బయటపడుతుంది. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం, చివరికి వినికిడి తగ్గడం కూడా మనిషిని ఇలాగే ముడుచుకుపోయేలా చేస్తాయి. కాబట్టి ముందుగా ఆయనను ఒక వైద్యునికి చూపించండి. కుక్క సంగతి ఆ తరువాత ఆలోచించవచ్చు.

కుక్క చేసే మేలు మాత్రం చిన్నది కాదు. దాని గురించి వివరంగా చెప్పాలని ఉంది. కుంగుబాటులో ఉన్న మనిషికి అన్నిటికన్నా ముందు చెడిపోయేది రోజు క్రమం. ఎప్పుడు లేచినా, ఎప్పుడు తిన్నా, అసలు తినకపోయినా అడిగేవారుండరు. ఇంట్లో కుక్క ఉంటే ఆ క్రమం తప్పనిసరిగా తిరిగి వస్తుంది. ఉదయం దానిని బయటకు తీసుకువెళ్ళక తప్పదు, వేళకు తిండి పెట్టక తప్పదు. నా దగ్గరకు వచ్చే ఒక పెద్దాయన భార్య పోయాక వంట పూర్తిగా మానేసి బిస్కెట్లు, అరటిపళ్ళతో రోజులు గడిపేవారు. ఎదురింటివాళ్ళు ఊరు మారుతూ తమ కుక్కను ఆయనకు అప్పగించారు. కొన్ని వారాల తరువాత వచ్చినప్పుడు, "దాని కోసం కుక్కర్ పెట్టక తప్పడం లేదు డాక్టర్‌గారూ. పెట్టేదెలాగూ పెడుతున్నాను కదా అని నాక్కూడా ఓ గుప్పెడు బియ్యం ఎక్కువ వేసుకుంటున్నాను" అన్నారు. మందుల చీటీ మీద నేను ఎన్నిసార్లు రాసినా జరగని పని అది. తన కోసం లేవలేని మనిషి మరో ప్రాణి కోసం లేవగలడు. కుక్క వల్ల కలిగే మేలులో సగం ఇక్కడే ఉందని నేను నమ్ముతున్నాను.

మిగతా సగం వీధిలో ఉంటుంది. ఒంటరిగా నడిచే ముసలాయనను ఎవరూ పలకరించకపోవచ్చు గానీ, కుక్కతో నడిచేవారిని పిల్లలు ఆపుతారు, పాలవాడు దాని పేరు అడుగుతాడు, తోటి కుక్కల యజమానులు పశువైద్యుని గురించి వాకబు చేస్తారు. స్నేహం అక్కర్లేదనుకునే స్థితిలో ఉన్నవారికి సైతం ఈ చిన్న పలకరింపులు భారం కావు. ఎందుకంటే అక్కడ మాట తమ గురించి కాదు, కుక్క గురించి నడుస్తుంది.

స్వీడన్‌లో 40 నుంచి 80 ఏళ్ళ మధ్య వయసున్న 34 లక్షల మందికి సంబంధించిన 2001–2012 నాటి రికార్డులను ఉప్సలా విశ్వవిద్యాలయ పరిశోధకులు పరిశీలించి 2017లో ఫలితాలు ప్రచురించారు. ఒంటరిగా జీవిస్తూ కుక్కను పెంచుకునేవారిలో మరణించే ముప్పు, కుక్క లేని ఒంటరివారి కన్నా 33 శాతం తక్కువగా ఉన్నట్టు అందులో తేలింది. ఇంటినిండా మనుషులున్నవారిలో ఈ తేడా అంతగా లేదు. అయితే కుక్కను పెంచే ఓపిక ఉన్నవారు మొదటి నుంచీ కాస్త ఆరోగ్యవంతులే అయి ఉండవచ్చు కాబట్టి, ఆ తేడా అంతా కుక్క వల్లనే వచ్చిందని చెప్పడానికి లేదు.

ఇక మీ అన్నయ్య ఆలోచనలో రెండు విషయాలు నాకు నచ్చలేదు. మొదటిది, చెప్పకుండా పంపడం. పది పన్నెండేళ్ళు బతికే ప్రాణిని ఒక మనిషి జీవితంలోకి ఆయనను అడగకుండా తీసుకురాకూడదు. రెండోది, లాబ్రడార్ పిల్ల. మొదటి ఏడాది పిల్లకు రాత్రీ పగలూ కాపలా కావాలి, చెప్పులూ పుస్తకాలూ కొరికేస్తుంది. పెరిగాక 30 కిలోల దాకా తూగుతుంది. పిల్లిని చూసి ఒక్కసారి లాగిందంటే 68 ఏళ్ళ మనిషి పడిపోవచ్చు. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే కుక్క వల్ల కలిగిన మేలంతా ఒక్క రోజులో పోతుంది. నాలుగైదేళ్ళు దాటిన, నెమ్మదైన, మధ్యస్థమైన పరిమాణంలో ఉన్న మన దేశవాళీ కుక్క ఆయనకు సరిపోతుంది. హైదరాబాదులోని బ్లూ క్రాస్ వంటి సంరక్షణ సంస్థలలో పెద్ద కుక్కలు దత్తతకు దొరుకుతాయి. వాటి స్వభావం అప్పటికే తెలిసి ఉంటుంది కనుక ఇంటికి వచ్చాక ఎలా ఉంటుందోనన్న బెంగ తక్కువ. మంచు ప్రాంతాల హస్కీలను, ఊపిరి సరిగా ఆడని పగ్‌లను గోదావరి జిల్లాల ఎండల్లో పెంచుతూ వాటిని బాధపెట్టేవారిని చూస్తే నాకు మనసు కలుక్కుమంటుంది. కొల్లేరు చుట్టుపక్కల బాతుల మందలను కాసే పొట్టి వెంట్రుకల జోనంగి జాతి మన నేలదే. మన వాతావరణానికి అలవాటుపడిన కుక్కను వదిలి ఎక్కడెక్కడివో తెచ్చుకోవడం ఎందుకు?

ముందు కొన్ని రోజుల పాటు తెలిసినవారి కుక్కను ఆయన దగ్గర ఉంచి చూడండి. ఆయన ఆసుపత్రిలో చేరాల్సివస్తే దానిని చూసుకునేదెవరో ముందే ఖాయం చేసుకోండి. ఫోన్ చేసినప్పుడు కుక్క గురించి అడిగితే నాన్నగారు రెండు మాటలకు బదులు పది మాటలు మాట్లాడవచ్చు గానీ, అది ఉంది కదా అని మీ రాకపోకలు మాత్రం తగ్గించకండి.

ప్రశ్న: హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. వయసు 29. డిప్రెషన్‌కు ఎనిమిది నెలలుగా మాత్రలు వాడుతున్నాను. మూడు నెలల కిందట ఒక బీగిల్‌ను తెచ్చుకున్నాక చాలా తేలికగా ఉంది. ఇక మాత్రలు మానేయవచ్చా? ఇంకొక సందేహం. నేను దిగులుగా ఉన్న రోజున అది కూడా తిండి ముట్టకుండా మూలన పడుకుంటోంది. నా జబ్బు దానికీ అంటుకుందా?
– ఒక పాఠకుడు, మియాపూర్

జవాబు: మాత్రలు మానవద్దు. కుంగుబాటుకు వాడే మందులను, బాగున్నామనిపించిన తరువాత కూడా కొన్ని నెలల పాటు కొనసాగించాలి. లేకపోతే జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువ. పైగా ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, చిరాకు, నిద్రలేమి వంటి బాధలు మొదలవుతాయి. ఎప్పుడు తగ్గించాలో, ఎంత నెమ్మదిగా తగ్గించాలో మీ సైకియాట్రిస్టు నిర్ణయించాలి. తేలికగా ఉన్నట్టు మీకు అనిపించడం భ్రమ ఏమీ కాదు. ఆ మార్పులో మందుకూ వాటా ఉంది, కుక్కకూ వాటా ఉంది. ఒకదాని మేలు చూసి రెండోదాన్ని వదులుకోకండి.

కుక్క వాటా ఏమిటో కొంతవరకు శాస్త్రవేత్తలు పట్టుకోగలిగారు. జపాన్‌లోని అజాబు విశ్వవిద్యాలయానికి చెందిన మిహో నగసావా, తకెఫుమి కికుసుయి బృందం కుక్కలను, వాటి యజమానులను అరగంట పాటు ఒకే గదిలో ఉంచి, ముందూ వెనుకా ఇద్దరి మూత్రాన్నీ పరీక్షించింది. యజమాని కళ్ళలోకి ఎక్కువసేపు చూసిన కుక్కలలోనూ, ఆ యజమానులలోనూ ఆక్సిటోసిన్ అనే హార్మోను పెరిగింది. తల్లికీ బిడ్డకూ మధ్య అనుబంధాన్ని పెంచే హార్మోను ఇదే. మనుషులు పెంచిన తోడేళ్ళతో అదే పరీక్ష చేస్తే ఆ ఫలితం రాలేదు. 2015లో వెలువడిన ఈ అధ్యయనం, మనిషి వైపు చూడటమనే గుణం వేల ఏళ్ళ సహవాసంలో కుక్కకు అబ్బిందని సూచిస్తోంది. అమెరికాలోని వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో 2019లో విద్యార్థుల మీద జరిపిన మరో పరిశీలనలో, పది నిమిషాల పాటు కుక్కలనూ పిల్లులనూ నిమిరినవారి లాలాజలంలో ఒత్తిడి హార్మోనైన కార్టిసాల్ తగ్గింది.

నాకు వీటన్నిటికన్నా ఆసక్తికరంగా తోచేది 1991లో కరెన్ ఆలెన్ బృందం అమెరికాలో చేసిన ప్రయోగం. స్త్రీల చేత వారి ఇళ్ళలోనే నోటి లెక్కలు చేయించి, ఆ సమయంలో గుండె వేగాన్నీ రక్తపోటునూ కొలిచారు. దగ్గరి స్నేహితురాలు పక్కన కూర్చున్నప్పుడు ఒత్తిడి పెరిగింది. కుక్క పక్కన ఉన్నప్పుడు తగ్గింది. స్నేహితురాలు ఎంత మంచిదైనా మనం తప్పు చేస్తే గమనిస్తుందన్న భావం ఉంటుంది. కుక్క విషయంలో ఆ భావం లేదు. పనితీరు సమీక్షలతో, రేటింగులతో సతమతమయ్యే మీ వృత్తిలో ఉన్నవారికి, ఏ అంచనా వేయకుండా పక్కన కూర్చునే ప్రాణి విలువ నేను వేరే చెప్పనక్కర్లేదు.

అయితే ఇవన్నీ కొన్ని నిమిషాల పాటు, కొన్ని గంటల పాటు కనిపించిన మార్పులు. కుక్క ఉన్నవారిలో కుంగుబాటు మొత్తంమీద తక్కువగా ఉంటుందా అని వేలమందిని పరిశీలించినప్పుడు ఫలితాలు అన్ని చోట్లా ఒకే రకంగా రాలేదు. కొన్ని పరిశీలనల్లో తక్కువగా ఉంది, మరికొన్నింటిలో తేడాయే లేదు. అందుకే కుక్కను చికిత్సకు తోడుగా చెప్పగలను గానీ చికిత్సగా చెప్పలేను.

ఇక రెండో సందేహం. స్వీడన్‌లోని లింకోపింగ్ విశ్వవిద్యాలయంవారు 2019లో కుక్కల వెంట్రుకల్లో, యజమానుల తలవెంట్రుకల్లో నెలల తరబడి పేరుకున్న కార్టిసాల్‌ను కొలిచి చూస్తే, రెండూ కలిసి పెరగడం, కలిసి తగ్గడం కనిపించింది. ఒత్తిడి యజమాని నుంచి కుక్కకు చేరుతోందన్నది వారి అభిప్రాయం. ఒత్తిడికి లోనైన మనిషి చెమటలో, ఊపిరిలో వచ్చే వాసన మార్పును కుక్కలు గుర్తుపట్టగలవని 2022లో బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ విశ్వవిద్యాలయం ప్రయోగం చూపింది. మీ దిగులు దానికి తెలుస్తోందనడంలో నాకు సందేహం లేదు. అందుకని అపరాధ భావం పెంచుకోవద్దు. బీగిల్ వేట కోసం పెంచిన జాతి. రోజుకు రెండు పూటలా బాగా నడవాలి, నేలను వాసన చూస్తూ తిరగాలి. మీ మనసు బాగాలేని రోజున దాన్ని నడిపించడానికి ఒక స్నేహితుణ్ణో, జీతానికి మనిషినో ముందే మాట్లాడి పెట్టుకోండి. అయినా అది తిండి ముట్టని రోజులు వరుసగా వస్తుంటే మీ దిగులే కారణమని సరిపెట్టుకోకుండా పశువైద్యునికి చూపించండి. మన ప్రాంతంలో పిడుదుల వల్ల వచ్చే జ్వరం సాధారణం. అందులో కుక్క సరిగ్గా ఇలాగే మందకొడిగా పడుకుంటుంది.

బతకడం దేనికన్న ఆలోచన వస్తే, అది రాత్రి రెండు గంటలైనా సరే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు.

ప్రశ్న: మా తొమ్మిదేళ్ళ బాబుకు నత్తి. తరగతిలో పైకి చదవమంటే కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడు. ఇంట్లో కుక్క ఉంటే పిల్లలకు భయం పోతుందని ఎవరో చెప్పారు. నిజమేనా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: మీరు విన్న మాటకు పాత ఆధారమే ఉంది. న్యూయార్క్‌లో పిల్లల మానసిక వైద్యం చేసే బోరిస్ లెవిన్‌సన్ దగ్గరకు ఎవరితోనూ కలవని ఒక బాబును చెప్పిన వేళ కన్నా ముందే తీసుకువచ్చారు. లెవిన్‌సన్ కుక్క జింగిల్స్ అప్పటికి గదిలోనే ఉంది. అది పరుగున వెళ్ళి బాబు ముఖం నాకితే, వాడు బెదిరిపోకుండా దానిని దగ్గరకు తీసుకున్నాడు. ఆ తరువాత కుక్కతో ఆడుకోవడానికే వస్తానన్నాడు. అలా కుక్కతో మొదలైన మాటల్లోకి వైద్యుడు మెల్లగా చేరాడు. చికిత్సలో కుక్కను తోడుగా తీసుకోవడం గురించి 1962లో లెవిన్‌సన్ వ్యాసం రాసినప్పుడు తోటి నిపుణులలో చాలామంది దాన్ని తేలిగ్గా తీసుకున్నారు. ఇప్పుడు ఎన్నో దేశాల్లో ఆ పద్ధతి అమలులో ఉంది. 1999లో అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో మొదలైన ఒక కార్యక్రమంలో, చదవడానికి జంకే పిల్లలు గ్రంథాలయంలో శిక్షణ పొందిన కుక్క పక్కన కూర్చుని దానికి కథలు చదివి వినిపిస్తారు. తడబడితే కుక్క నవ్వదు, సరిదిద్దదు, తొందరపెట్టదు.

మీ బాబుకు కూడా అలా చదివే అవకాశం కల్పించవచ్చు. అందుకు కుక్కను కొనాల్సిన పని లేదు. బంధువుల ఇంట్లో నెమ్మదైన కుక్క ఉంటే వారానికి రెండు రోజులు, పెద్దవాళ్ళు పక్కన ఉండగా, దాని దగ్గర కూర్చోబెట్టి వాడికి నచ్చిన కథల పుస్తకం చదివించండి. కుక్క తింటున్నప్పుడూ నిద్రపోతున్నప్పుడూ ముట్టుకోకూడదని, మెడ చుట్టూ చేతులు వేసి గట్టిగా వాటేసుకోకూడదని ముందే నేర్పండి. దీనివల్ల భయం తగ్గుతుందే గానీ నత్తి పోదు. దానికి స్పీచ్ థెరపిస్టు వద్ద శిక్షణ కావాలి. తరగతిలో బలవంతంగా పైకి చదివించవద్దని ఉపాధ్యాయులతో మీరే వెళ్ళి మాట్లాడండి.

ప్రశ్న: నాకు ఆందోళన సమస్య ఉంది. కుక్కను పెంచుకుందామంటే అత్తగారు మడి, పూజ అంటూ ససేమిరా ఒప్పుకోవడం లేదు. అపార్ట్‌మెంట్ సంఘంవాళ్ళు కూడా కుక్కలు కూడదంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: సంఘం సంగతి సులువు. పెంపుడు కుక్కలను పూర్తిగా నిషేధించే అధికారం నివాసుల సంఘాలకు లేదని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. నలుగురు తిరిగే చోట పట్టీ కట్టి నడిపించడం, మలాన్ని ఎత్తివేయడం, ఏటా రేబిస్ టీకా వేయించడం మీ బాధ్యత.

అత్తగారి సంగతి వేరు. మడి పాటించే పెద్దావిడను మూఢనమ్మకమంటూ తోసిపుచ్చి తెచ్చిన కుక్క వల్ల మీ ఆందోళన తగ్గకపోగా, రోజూ ఇంట్లో జరిగే గొడవతో పెరుగుతుంది. కసురుతూ తరిమే మనిషి ఉన్న ఇంట్లో కుక్క కూడా బెదురుగానే పెరుగుతుంది. వంటగదీ దేవుడి గదీ కుక్క అడుగుపెట్టని చోట్లుగా ఉంటాయని, వాటి ముందు చెక్క గేటు పెట్టిస్తానని, దాని పనులన్నీ మీరూ మీ భర్తా చూసుకుంటారని ఆవిడకు చెప్పి చూడండి. అప్పటికీ మనస్ఫూర్తిగా ఒప్పుకోకపోతే ప్రస్తుతానికి ఆ ఆలోచన మానుకోవడమే మంచిదని నా అభిప్రాయం. ఆందోళనకు మాటల ద్వారా చేసే చికిత్స బాగా పనిచేస్తుంది. దాన్ని కుక్క కోసం వాయిదా వేయకండి.

ప్రశ్న: పద్నాలుగేళ్ళు మాతో ఉన్న మా పొమరేనియన్ రెండు నెలల కిందట పోయింది. మూత్రపిండాలు పూర్తిగా పాడయ్యాయని, ఇక బాధ తప్పదని పశువైద్యుడు చెబితే, నొప్పి లేకుండా ప్రాణం తీసే ఇంజెక్షన్‌కు నేనే సంతకం పెట్టాను. అప్పటి నుంచి నిద్ర లేదు. నేనే చంపేశానని అనిపిస్తోంది. ఏడిస్తే బంధువులు "కుక్క పోతే ఇంత ఏడుపా" అంటున్నారు. మావారు వెంటనే ఇంకో పిల్లను తెస్తానంటున్నారు.
– ఒక గృహిణి, హనుమకొండ

జవాబు: అమ్మా, మీరు ఏడవడంలో తప్పేమీ లేదు. పద్నాలుగేళ్ళు అంటే మీ పిల్లల చదువులూ, ఇంట్లో జరిగిన శుభాశుభాలూ అన్నీ అది చూసి ఉంటుంది. మనిషి పోతే పదకొండో రోజు వరకు ఇల్లు నిండా జనం ఉంటారు, కర్మలు జరుగుతాయి, ఆఫీసులో సెలవు ఇస్తారు. కుక్క పోతే ఇవేవీ ఉండవు. మర్నాడు ఉదయం మామూలుగా కాఫీ పెట్టాలి, టిఫిను చేయాలి. చుట్టూ ఉన్నవారు దుఃఖంగా గుర్తించని దుఃఖం మరింత లోతుగా దిగుతుందని అమెరికన్ పరిశోధకుడు కెన్నెత్ డోకా 1989లో రాశారు. దాన్ని ఇప్పటికీ మా వృత్తిలో ముఖ్యమైన పరిశీలనగా భావిస్తాం. మీ బంధువులు చెడ్డవారు కాకపోవచ్చు. వారికి ఆ అనుబంధం తెలియదు, అంతే. ఆ మాటలకు జవాబు చెప్పి ఒప్పించే ప్రయత్నం చేయకండి. కుక్కను పోగొట్టుకున్నవారు మీకు తెలిసినవారిలో ఒక్కరైనా ఉంటారు. వారితో మాట్లాడండి.

సంతకం గురించి చెబుతాను. మూత్రపిండాలు పూర్తిగా చెడిపోయిన కుక్కకు వాంతులు, నోట్లో పుళ్ళు, నీళ్ళు తాగినా నిలవకపోవడం, చివరికి మూర్ఛలు వస్తాయి. మీరు సంతకం పెట్టకపోయి ఉంటే దానికి మిగిలేది ఆ రోజులే. ఇంజెక్షన్ ముందు మత్తునిస్తుంది, ఆ తరువాతే గుండె ఆగుతుంది. దాని ప్రాణం తీసింది జబ్బు. మీరు తీసేసింది ఆ చివరి బాధను. ఈ మాట మీకు ఒక్కసారిగా నమ్మకం కలిగించదని నాకు తెలుసు. ఆ పశువైద్యుని దగ్గరకు మరోసారి వెళ్ళి, రక్త పరీక్షల కాగితాలు ముందు పెట్టుకుని, వేరే దారి ఏదైనా ఉండేదా అని నేరుగా అడగండి. చాలామందికి ఆ సంభాషణ ఎంతో ఊరటనిస్తుంది. దాని గిన్నె, పట్టీ, పరుపు ఎవరో తొందరపెట్టారని పారవేయకండి. తీయాలనిపించినప్పుడు మీరే తీస్తారు.

కొత్త పిల్లను ఇప్పుడే తేవద్దని మీ వారికి నా మాటగా చెప్పండి. ఆయన ప్రేమతోనే అంటున్నారు. కానీ పోయినదాని చోటు నింపడానికి వచ్చిన పిల్లను ప్రతి పూటా పాతదానితో పోల్చి చూస్తారు. అది దానికీ మీకూ అన్యాయమే. కుక్క కావాలని మీకే అనిపించిన రోజున, ఆ పాత పేరు పెట్టకుండా, తెచ్చుకోండి. ఈలోగా మరో రెండు మూడు వారాల్లో నిద్ర కుదుటపడకపోయినా, బరువు తగ్గుతున్నా, చనిపోవాలన్న ఆలోచన వచ్చినా ఆలస్యం చేయకుండా సైకియాట్రిస్టును కలవండి. కుక్క కోసం వచ్చానని చెప్పడానికి సంకోచించవద్దు.

ప్రశ్న: డాలస్‌లో ఎమ్మెస్ చదువుతున్నాను. ఒంటరితనం భరించలేకపోతున్నాను. ఆన్‌లైన్‌లో డబ్బు కడితే ఎమోషనల్ సపోర్ట్ డాగ్ లెటర్ ఇస్తారట, దానితో కుక్కను అపార్ట్‌మెంట్‌లోనూ విమానంలోనూ ఉంచుకోవచ్చట. తీసుకోమంటారా?
– ఒక విద్యార్థి, డాలస్

జవాబు: డబ్బుకు అమ్మే లెటర్లు తీసుకోకండి. అక్కడి గృహ వసతి చట్టం ప్రకారం మానసిక సమస్య ఉన్నవారు మనోధైర్యం కోసం ఉంచుకునే జంతువుకు ఇంటి యజమాని నుంచి వెసులుబాటు కోరవచ్చు. అయితే లెటర్ మీకు నిజంగా చికిత్స చేస్తున్న నిపుణుడు రాసినదై ఉంటేనే నిలబడుతుంది. 2021 జనవరి నుంచి అమెరికాలో విమానయాన సంస్థలు ఇటువంటి కుక్కలను ప్రత్యేకంగా పరిగణించాల్సిన అవసరం లేదు. అక్కడ శిక్షణ పొందిన సర్వీస్ డాగ్‌లకు మాత్రమే ఆ హక్కు ఉంది. పీడకలలు వచ్చే మాజీ సైనికుణ్ణి నిద్ర లేపడం వంటి నిర్దిష్టమైన పనులు నేర్చిన కుక్కలవి.

నిజం చెప్పాలంటే, రెండేళ్ళలో ఏ రాష్ట్రంలో ఉద్యోగం వస్తుందో, వీసా ఏమవుతుందో తెలియని స్థితిలో కుక్కను తెచ్చుకోవడం దానికి మంచిది కాదు. ఇండియాకు తేవాలంటే జంతు క్వారంటైన్ అనుమతి, టీకా పత్రాలు, పెద్ద ఖర్చు ఉంటాయి. విశ్వవిద్యాలయ కౌన్సెలింగ్ కేంద్రంలో ఈ వారమే సమయం తీసుకోండి. మీ ఊళ్ళోని జంతు సంరక్షణ కేంద్రంలో కుక్కలను తాత్కాలికంగా ఇంట్లో ఉంచుకునే ఏర్పాటు ఉంటుంది. సెమిస్టరు సెలవుల్లో దానికి ప్రయత్నించండి.

ప్రశ్న: హాస్టల్‌లో ఉంటున్నాను. కాలేజీ దగ్గరి వీధి కుక్కలకు రోజూ బిస్కెట్లు పెడుతుంటే మనసుకు హాయిగా ఉంటోంది. పెంచుకోకపోయినా ఇలా మేలు ఉంటుందా? ఏమైనా ప్రమాదమా?
– ఒక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: మేలు ఉంటుంది. తనకోసం ఎదురుచూసే ప్రాణి ఉందన్న భావం కోసం అది సొంతదే కానక్కర్లేదు. అయితే 2025లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీధి కుక్కలకు నిర్దేశించిన చోట మాత్రమే తిండి పెట్టాలి. విద్యాసంస్థల ఆవరణల నుంచి వాటిని తరలించాలని కూడా అదే ఏడాది నవంబరులో కోర్టు చెప్పింది. కాబట్టి మీ ఊళ్ళోనే ఉన్న విశాఖ సొసైటీ ఫర్ ప్రొటెక్షన్ అండ్ కేర్ ఆఫ్ యానిమల్స్ వంటి చోట ఆదివారాలు స్వచ్ఛందంగా పనిచేయవచ్చేమో అడగండి. అక్కడ కుక్కలకు టీకాలు వేసి ఉంటారు, మీకు తోటివారి స్నేహమూ దొరుకుతుంది. బిస్కెట్ల బదులు ఉప్పు వేయని అన్నం, ఉడికించిన గుడ్డు పెట్టండి. చాక్లెట్, ఉల్లిపాయ, ద్రాక్ష వాటికి విషం.

ఎప్పుడైనా కరిచినా, గీరినా, పుండు మీద నాకినా, కుక్క ఆరోగ్యంగానే కనిపిస్తోందని వదిలేయవద్దు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషిని బతికించడం దాదాపు అసాధ్యం. గాయాన్ని వెంటనే ధారగా పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, పసుపు, కారం వంటివేమీ రాయకుండా, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. కండరానికి ఇచ్చే టీకా మొదటి రోజున, తరువాత 3, 7, 14, 28వ రోజుల్లో వేస్తారు. రక్తం వచ్చిన గాయమైతే ఇమ్యునోగ్లోబ్యులిన్ (వెంటనే రక్షణనిచ్చే ప్రతిరక్షకాల ఇంజెక్షన్) కూడా అవసరమవుతుంది. అది వేశారో లేదో అడిగి తెలుసుకోండి.